అప్‌డేట్: పాప కీమో, మా ప్రార్థన

మా పాపకు ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలినప్పుడు, "విశ్వాసం ఉంటే కీమో ఎందుకు?" అన్న సంఘస్థులకు ఏం చెప్పాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

ఇండక్షన్ (కీమో మొదటి దశ) పూర్తయింది. ఎముక మజ్జ పరీక్షలో ఎమ్మార్డీ నెగెటివ్ వచ్చింది, అంటే పరీక్షకు అందేంతగా క్యాన్సర్ కణాలు మిగల్లేదు. దేవునికి స్తోత్రం! అయినా ట్రీట్‌మెంట్ ఆపడం లేదు. ఇప్పుడు ఆపేస్తే, పరీక్షకు దొరక్కుండా మిగిలిన కణాలతో జబ్బు తిరగబెట్టొచ్చని డాక్టర్ గారు చెప్పారు. మెయింటెనెన్స్‌తో (తక్కువ మోతాదు మందులతో సాగే చివరి దశ) కలిపి మొత్తం రెండు, మూడేళ్లు పడుతుంది.

మీరు చెప్పినట్టే పాస్టర్ గారితో మాట్లాడాం. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా అని ఆయనే సంఘంలో చెప్పారు. తెల్లకణాలు తగ్గినప్పుడు పాపను గుడికి తీసుకెళ్లం. ప్రార్థనకు వచ్చేవాళ్లు చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గరే నిలబడతారు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటిందా, ముందు ఆసుపత్రికి బయల్దేరతాం, ప్రార్థన దారిలోనే.

స్టెరాయిడ్ రోజుల్లో పాప అర్ధరాత్రి ఆకలని లేచి ఏడ్చేది. "యేసయ్య నాకు ఎందుకు తగ్గించట్లేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 13వ కీర్తన చదివాను. అందులో దావీదు కూడా ఎన్నాళ్లని దేవుణ్ణి నిలదీస్తాడు. "అయితే నేనూ అడగొచ్చా?" అంది. అడగమన్నాను. ఇప్పుడు రోజూ అడుగుతోంది.

వచ్చే వారం నుంచి తర్వాతి దశ కీమో. పాప కోసం ప్రార్థించండి.