ప్రహరీ పక్కన వెదురు వేయవచ్చా? (విజయనగరం)

తులసికోట:
మాది విజయనగరంలో పాత పెంకుటిల్లు. ఉత్తరం వైపు ఖాళీ స్థలంలో ఈమధ్య రెండంతస్తుల ఇల్లు లేచింది. వాళ్ళ మేడ మీద నిలబడితే మా పెరడంతా కనిపిస్తుంది: నూతి గట్టు, బట్టలు ఆరేసే తీగ, స్నానాల గది తలుపు. మా అత్తగారికి డెబ్బై ఆరేళ్ళు. పొద్దున్నే నూతి గట్టు మీద కూర్చుని కూరలు తరిగేవారు. ఇప్పుడు పగలు పెరట్లోకి రావడమే మానేశారు. ప్రహరీ ఎత్తు అయిదడుగులు, గోడకూ నూతికీ మధ్య తొమ్మిది అడుగుల జాగా ఉంది. వెదురు వేస్తే రెండు మూడేళ్ళలో చాటు వస్తుందని నర్సరీలో చెప్పారు. వేయమంటారా?

బొబ్బిలి రైతు:
నిస్సందేహంగా వేయండి అమ్మా. అయితే రకం చూసుకోండి. వెదురులో పొదగా పెరిగేవి ఒక తీరు, నేలలో పాకుతూ పోయేవి మరో తీరు. మన ముళ్ళ వెదురు, సాధనపు వెదురు, తోటల్లో వేసే పసుపు వెదురు అన్నీ పొద రకాలే. కొత్త కొమ్ము పాత గెడ పక్కనే లేస్తుంది. పదడుగుల అవతల ఎక్కడో లేచేది చైనా వైపు నుంచి వచ్చిన ఫిల్లోస్టాకిస్ జాతి. విదేశాల్లో జనం భయపడేది దానికే. మీకు కంచె వెదురు అనే సన్న రకం చాలు. మూడడుగులకో మొక్క, గోడకు నాలుగడుగుల ఎడం.

పాతమాస్టారు:
వేయకండి. మా పక్కింటివారు ఏడేళ్ళ కిందట వేశారు. ఇప్పుడు మా మురుగుకాలువ మీద పలక జానెడు పైకి లేచింది. వేళ్ళు గోడ కింద నుంచి వచ్చాయి.

సోంపేట కొబ్బరి:
వెదురెందుకు, సరుగుడు వేయండి. చవక.

బొబ్బిలి రైతు:
మాస్టారూ, వెదురుకు తల్లివేరు ఉండదు. అన్నీ పీచువేళ్ళు, ఎక్కువ భాగం పైమట్టిలోనే ఉంటాయి. మర్రి, రావి పగలగొట్టినట్లు గోడను పగలగొట్టలేవు.

పాతమాస్టారు:
నేను గోడ అనలేదు, పలక అన్నాను. కాలువ అతుకులో దూరిన వేళ్ళను నా చేత్తో లాగాను. తడిసిన కొబ్బరి పీచు ముద్దలా బకెట్టుడు వచ్చాయి. పీచువేరు అంటే మెత్తనిదని, హాని చేయదని అర్థం కాదు.

బొబ్బిలి రైతు:
ఏ రకం? గోడకు ఎంత దూరంలో వేశారు?

పాతమాస్టారు:
పసుపు గెడ, మీద ఆకుపచ్చ చారలు. గోడకు అడుగు దూరం.

బొబ్బిలి రైతు:
అదీ సంగతి. ఆ రకం నలభై అడుగులు దాటి పెరుగుతుంది. పొద రకమే అయినా పొద ఏటేటా చుట్టూ వెడల్పవుతుంది, దుంప లావెక్కుతుంది. అడుగు జాగాలో వేస్తే పలక లేవక ఏమవుతుంది? తప్పు వేసినవారిది, వెదురుది కాదు.

గొడ్డలి:
వెదురు నరకడానికి అటవీశాఖ అనుమతి కావాలి, జాగ్రత్త.

బొబ్బిలి రైతు:
అది పాత మాట. అడవి కాని భూముల్లో పెరిగే వెదురును 2017లో చట్టం సవరించి చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు.

పాతమాస్టారు:
ఎండాకు సంగతి ఎవరూ చెప్పలేదు. మా డాబా తూము నిండా వెదురాకే. వానకు నీళ్ళు దిగక గదిలో కారుతోంది. నరికిన మోడుల్లో నీళ్ళు నిలిచి దోమలు. పలక గురించి మీరింకా సమాధానం చెప్పలేదు.

బొబ్బిలి రైతు:
చెప్పాను, దూరం వల్ల అన్నాను. దోమలు మోడు వల్ల కాదు, నరికిన తీరు వల్ల. కణుపుకు సరిగ్గా పైన కోస్తే గిన్నెలా నీరు నిలవదు, నాలుగు వేళ్ళు పైకి కోస్తే నిలుస్తుంది. 2014 హుద్‌హుద్ తుపానుకు మా మామిడి వేళ్ళతో సహా కూలింది. వెదురు నేలకు వంగి మళ్ళీ లేచింది. ఇరవై ఏళ్ళుగా పెంచుతున్నాను. మీరు ఒక్క పలక పట్టుకుని కూర్చున్నారు. మీ తగవు వెదురుతో కాదు మాస్టారూ, పక్కింటివారితో.

పాతమాస్టారు:
అవును, వాళ్ళతోనే. ఇరవై రెండేళ్ళు ఆ గోడ మీదుగానే మాట్లాడుకున్నాం. మా ఆవిడ పులుసు గిన్నె అందిస్తే అటునుంచి ఆ గిన్నెలోనే మునక్కాయలు వచ్చేవి. ఒక ఉదయం లేచేసరికి కూలీలు గోతులు తీస్తున్నారు. ఎందుకని అడిగితే "చాటు కోసం" అన్నారు. ఎవరి నుంచి చాటు? ఆ మాట ఆవిడ పోయేదాకా మరచిపోలేదు. ఇంకొకటి కూడా ఆలోచించండి. డెబ్బై ఆరేళ్ళ మనిషి నూతి దగ్గర జారిపడితే ఆ వెదురు వెనుక ఎవరికి కనిపిస్తుంది?

సాలూరు కోడలు:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. కానీ తడిచీరతో స్నానాల గది నుంచి ఇంట్లోకి పన్నెండు అడుగులు నడిచేది మీరు కాదు. నాలుగేళ్ళు నేను నడిచాను, తల పైకెత్తకుండా. పడితే చూడటానికి ఒకరు కావాలని రోజూ అందరి కళ్ళ ముందూ స్నానానికి వెళ్ళమంటారా? గోడ మీదుగా పలకరించేవాళ్ళు మన తల ఎత్తులో ఉంటారు. మేడ మీదివాళ్ళు నెత్తి మీద ఉంటారు. రెండూ ఒకటి కాదు.

పాతమాస్టారు:
ఒకటి కాదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ముందు వెళ్ళి అడగాలి. అడగకుండా గొయ్యి తీయకూడదు.

సోంపేట కొబ్బరి:
2018 తిత్లీ తుపానుకు మా కొబ్బరితోట పోయింది. ఉన్న చెట్టు మీద గొడవ పడుతున్నారు.

తులసికోట:
ఒక విషయం మొదట రాయలేదు. ఆ రెండంతస్తుల ఇల్లు మా మరిదిది. పంపకాల్లో ఉత్తరపు జాగా ఆయనకు వచ్చింది. అప్పటి నుంచి రెండిళ్ళకూ మాటలు లేవు. అందుకే అడగమంటే నాకు నోరు రాలేదు.

మీ మాటలు చదివాక నిన్న రాత్రి అత్తగారిని సూటిగా అడిగాను, చాటు లేదని సిగ్గుపడి రావడం లేదా అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు: "నేను నూతి దగ్గర కూర్చుంటే వాడు వసారాలోకి వస్తాడు. నన్ను చూసి లోపలికి పోతాడు. రోజూ అది చూడలేను."

ఇన్నాళ్ళూ సిగ్గు నాది, ఆవిడది అనుకున్నాను. ఆవిడ అడ్డు కావాలనడం లేదు. స్నానాల గది వైపు నాకు మాత్రం కావాలి, అందులో మార్పు లేదు. అక్కడ మూడు మొక్కలు వేసి, నూతి వైపు వదిలేద్దామనుకుంటున్నాను. గోతులు తీసేముందు తోటికోడలికి చెప్తాను. ఆమె ఏమంటుందో తెలియదు.

బొబ్బిలి రైతు:
తొలకరికి వేయండి. గొయ్యి రెండడుగులు, పశువుల ఎరువు నిండుగా. మొదటి ఏడాది సన్నగా వచ్చాయని దిగులు పడకండి. లేచిన గెడ ఇక లావు కాదు, తర్వాతి వానలకు వచ్చేవే లావుగా వస్తాయి. పొద బయటి వైపు లేచే కొమ్ములు జానెడున్నప్పుడే కోసేస్తే వెడల్పవదు.

సాలూరు కోడలు:
మొక్కలు ఎదిగేదాకా తాటాకు దడి కట్టించుకోండి అక్కా. రెండేళ్ళు ఎదురుచూడక్కర్లేదు.

పాతమాస్టారు:
అమ్మా, స్నానాల గది నీళ్ళు పోయే కాలువ ఎటువైపు ఉంది? మొదటి గోతికి అది ఎన్ని అడుగులో కొలిచి చెప్పు.