‘నాడ్’ అంటే తల ఊపడమేనా?

గవర్నర్‌పేట అనువాదకుడు:
నిన్న ఒక ఇంగ్లీషు వార్త అనువాదం దిద్దుతుంటే ‘కేబినెట్ నాడ్’ అన్నచోట ‘మంత్రివర్గం తల ఊపింది’ అని కనబడింది. కొట్టేసి ‘ఆమోదించింది’ అని రాశాను. రాసిన కుర్రాడు ఊరుకోలేదు, నిఘంటువులో తల ఊపడమనే ఉంది కదండీ అన్నాడు. నిఘంటువు సరిగ్గానే ఉంది. కానీ మన జాతీయాల్లో తల ఊపేవాడు కిందివాడు. సంక్రాంతికి వీధిలోకొచ్చే గంగిరెద్దు ఏమడిగినా తల ఊపుతుంది. ఇంగ్లీషులో నాడ్ ఇచ్చేది పైవాడు. కుర్రాడి వాక్యం చదివితే మంత్రివర్గం ఎవరికో లొంగిపోయినట్టుంది. మీరేమంటారు?

బ్రాడీపేట టీచరు:
నేనొప్పుకోనండి. మా తాతగారు తల ఊపితేనే ఇంట్లో ఏ పెళ్ళయినా ఖాయమయ్యేది. ఆయన ఎవరికీ లొంగిన మనిషి కాదు. తరగతిలో ‘హి నాడెడ్’ అన్నదానికి ‘తల ఊపాడు’ అని రాస్తే పూర్తి మార్కులే వేస్తాను. ‘నిలువుగా’ అని చేర్చమంటారు కొందరు, అది చాదస్తం. కాదన్నప్పుడు మనమే ‘అడ్డంగా’ అని చెబుతాం. ఇంగ్లీషువాళ్ళు దానికి ‘షేక్’ అని వేరే క్రియే పెట్టుకున్నారు.

పటమట విద్యార్థి:
ఆ రెండిట్లోకీ రానిది మనకొకటుంది మేడమ్. సరే అనడానికి తలని ఇటో భుజానికీ అటో భుజానికీ వాలుస్తాం. ఒక వీడియో ఇంటర్వ్యూలో విదేశీ ఆయన రాత్రి షిఫ్టు చేస్తావా అంటే అలాగే ఊపాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఊపాను. మూడోసారికి నోరు తెరిచి ‘ఎస్’ అన్నాను. బల్గేరియాలో అయితే నిలువుగా ఊపితేనే కాదని అర్థం.

గవర్నర్‌పేట అనువాదకుడు:
టీచరుగారూ, కథలో మనిషి తల ఊపాడంటే మీ మాటే నాదీను. నా పేచీ జాతీయంతోనే. తాతగారి సంగతి చుట్టాలకి చెప్పేటప్పుడు ‘ఆయన ఊఁ అనాలి’ అనేవారు కదూ? పెద్దల అనుమతిని మనం ఊఁతోనే చెప్పుకుంటాం. హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్ మొదటి సర్గలో దేవతల రాజు జ్యూస్ తల పంకించి మాటిస్తే ఒలింపస్ కొండ కంపిస్తుంది. ఆ తలపంకింపులో ఉన్న అధికారం మన ‘ఊపింది’లోకి రాదు.

ఇంకో చిక్కు. ‘హోమర్ కూడా నాడ్ చేస్తాడు’ అని ఇంగ్లీషులో నానుడి. రోమన్ కవి హొరేస్ మాటల్నుంచి వచ్చింది. ఎంతటివాడైనా ఒక్కోసారి పొరపడతాడని భావం. అక్కడ నాడ్ అంటే కునికిపాటు, గుంటూరు బస్సులో మంగళగిరి రాకుండానే మనకు పట్టేదే. ‘హోమర్ సైతం తల ఊపుతాడు’ అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? బుద్ధిమంతులకైనా పొరపాటు తప్పదనే ‘ప్రమాదో ధీమతామపి’ మనకుండనే ఉంది. ఇంగ్లీషువాళ్ళు ‘నాడింగ్ అక్వెయింటెన్స్’ అనే, దారిలో తల ఊపి పోయేంత పరిచయానికి ‘ముఖపరిచయం’ ఎంత చక్కగా అమరిందో చూడండి.

బ్రాడీపేట టీచరు:
ఊఁ మాట నిజమేనండి, మా అమ్మా అలాగే అనేది. కానీ జ్యూస్‌కి మీరే ‘పంకించి’ అని వాడారు చూడండి! కచేరీలో మంచి సంగతి పడితే ముందు వరస పెద్దలు తల పంకిస్తారు. ఆ మెచ్చుకోలు కిందివాడిది కాదు. దాన్నెందుకు వదిలేయాలి?

గవర్నర్‌పేట అనువాదకుడు:
చేయి తిరిగిన పాటగాణ్ణి మెచ్చుకునే నాడ్‌కి ఇకమీదట అదే రాస్తాను. కేబినెట్‌కి మాత్రం ‘ఆమోదం’ ఉంచేస్తున్నాను. కుర్రాడికి ఈ రెండూ రేపు చెబుతాను.