ఇలకూర అంతరించిపోతున్న మొక్కల జాబితాలో ఉందా?

పర్రగట్టు:
మాది నాగాయలంక దగ్గర పల్లె. నేనుండేది హైదరాబాద్‌లో. మొన్న సంక్రాంతికి వెళ్తే అమ్మమ్మ ఇలకూర పప్పు పెట్టలేదు. అడిగితే "ఎక్కడుందిరా కూర? పర్రంతా రొయ్యల చెరువులేగా" అంది. పర్రంటే పోటుకి సముద్రపు నీరెక్కే ఉప్పు నేల. నా చిన్నప్పుడు ఊరు దాటితే ఇలకూరే. సన్నగా, నీరు పట్టి ఉబ్బినట్టుండే ఆకులు, ఎండలు ముదిరితే ఎర్రబడేవి. ఉడకబెట్టి, నీళ్లు పిండేసి వండినా పప్పులో విడిగా ఉప్పు వెయ్యాల్సిన పని ఉండేది కాదు. ఈసారి అమ్మమ్మని బండెక్కించుకుని ఊరంతా తిరిగితే, ఉప్పుటేరు పక్కన ఓ చెరువు గట్టు వెలుపల చాప పరిచేంత మేర కనిపించింది. అంతే. జాబితాలో ఉంటే అర్జీ పెడదామని అడుగుతున్నా.

మొక్కల మాస్టారు:
బాబూ, మీరు చెప్పేది సుయెడా మారిటిమా అయ్యుంటుంది. యూరప్ తీరం నుంచి మన తీరం దాకా పెరిగే మొక్క. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ఎర్ర జాబితాలో ముప్పున్న జాతుల్లో లేదు. మీ మడ అడవిలోనే ఉండే సెరియాప్స్ డెకాండ్రా అనే మడ చెట్టు మాత్రం 'ముప్పుకు చేరువలో' అని నమోదైంది. ఆ జాబితా లోకం మొత్తాన్ని లెక్కేస్తుంది, మీ ఊరి పర్రని కాదు. అందుకని అర్జీ మొక్క పేరుతో కాదు, నేల పేరుతో పెట్టండి. సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్లో, 2011 దాంట్లోనూ 2019 దాంట్లోనూ, ఉప్పు పర్రలు మడ అడవులతో పాటు 1ఏ కిందే, అంటే పర్యావరణపరంగా అతి సున్నితమైన ప్రాంతాల కిందే ఉన్నాయి. సర్వే నంబరు, పోటు నీరు ఎక్కినప్పటి ఫొటోలు జతచేసి రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ సంస్థకు పంపండి. పోటు ఫొటో మర్చిపోవద్దు, నీరెక్కని నేలని బీడంటారు.

కోడూరు రైతు:
నేను రొయ్యల చెరువులోణ్ణే, తిట్టుకోకండి. గట్టేస్తే పోటు ఆగిపోతుంది. ఇలకూర విత్తనం కొట్టుకొచ్చేది ఆ నీళ్లతోనే. నీరు రాని చోట నేల మీద ఉప్పు పెచ్చు కడుతుంది, అంత ఉప్పుకి ఇలకూర కూడా తట్టుకోదు. ఆ తర్వాత సర్కారు తుమ్మ దిగుతుంది, ఇక దాన్ని పీకడం మన వల్ల కాదు. నాకు రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి రెండు పంటలు పోయాయి. విసుగొచ్చి ఓ చెరువు గట్టుకి గండి కొట్టి వదిలేశా. రెండో వానాకాలానికి మొదట మొలిచింది ఇలకూరే.

పర్రగట్టు:
మాస్టారూ, సర్వే నంబరు కోసం మామయ్యకి ఫోన్ చేశా. ఆయన "ఆ గట్టు మనదేరా" అన్నాడు. ఇప్పుడు అర్జీ ఎవరి మీద పెట్టాలో!

అన్నా, మీ మెసేజ్ అమ్మమ్మకి ఫోన్లో చదివి వినిపించా. గండి ఏటి వైపు కొట్టారా, పొలం వైపా అని అడుగుతోంది.

కోడూరు రైతు:
ఏటి వైపే తమ్ముడూ. రెండు బారలు. మామయ్యని ఓసారి మా చెరువు దగ్గరికి తీసుకురా, అమ్మమ్మని కూడా. కోసుకెళ్లడానికి కొడవలి తెచ్చుకోమను.