హబ్ మోటార్ చక్రానికి 12 గేజ్ చువ్వలా, సన్నవా?

బెజవాడ_సైకిల్
నా ఎలక్ట్రిక్ సైకిల్‌కి 48 వోల్టులు, 1000 వాట్లు, గేర్లు లేని వెనక హబ్ మోటార్ (చక్రం నడిమిలోనే ఉండేది). 26 అంగుళాల సింగిల్ వాల్ (ఒకే పొర) రిమ్ము, 36 చువ్వలు, కిట్‌తో వచ్చిన 12 గేజ్, అంటే 2.6 మి.మీ. చువ్వలు నడిమికి కాదు, ఫ్లాంజ్ (చువ్వల తలలు పట్టే హబ్ అంచు) దగ్గర వంపులోనే తెగుతున్నాయి. ఒకటి మారిస్తే వారం తిరక్కుండా పక్కది పోతోంది. రిమ్ము డబుల్ వాల్‌కి (రెండు పొరలది) మార్చడం ఖాయం. చువ్వలు మళ్ళీ 12 గేజే వేయాలా, ఇంకా సన్నవైన 13 లేదా 14కి దిగాలా? అల్లిక ఒక క్రాసా, రెండు క్రాసులా (అంటే ఒక్కో చువ్వ తన వైపు చువ్వల్లో ఎన్నిటిని దాటాలి)?

లోడ్_బండి
12 గేజ్ వదలకండి. మనిషి, బ్యాటరీ, సామాను కలిపితే 120 కిలోలు దాటుతుంది. దానికి తోడు ఆరేడు కిలోల మోటారు నేరుగా యాక్సిల్ మీదే ఉంటుంది, కింద స్ప్రింగు కూడా లేదు. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బంతా చువ్వల మీదికే. 14 గేజ్ తొక్కే సైకిల్‌కి సరిపోతుంది, దీనికి కాదు. పైగా ఫ్లాంజ్ రంధ్రాలు 3 మి.మీ. ఉంటాయి, 2 మి.మీ. చువ్వ అందులో గిలకొట్టుకుంటుంది.

బిగువు_లెక్క
లోడ్_బండి గారూ, లావు చువ్వకి బలం ఎక్కువన్న మాట నిజమే. కానీ ఇక్కడ చువ్వ బరువుకి తెగడం లేదు, వదులై తెగుతోంది. చక్రం తిరిగేటప్పుడు నేలవైపున్న చువ్వల బిగువు ప్రతి చుట్టులోనూ కాస్త తగ్గుతుంది. అది సున్నాకి పడిపోతే వంపు ఫ్లాంజ్‌లో కదులుతుంది, అలా కదిలీ కదిలీ అలసి తెగుతుంది. వంపు దగ్గరే తెగడానికి కారణం అదే.

166 మి.మీ. పొడవున్న 14 గేజ్ చువ్వని 100 కిలోల బిగువుకి లాగితే సుమారు 0.26 మి.మీ. సాగుతుంది. అదే బిగువుకి 12 గేజ్ సాగేది 0.15 మాత్రమే, ఎందుకంటే దాని కోత వైశాల్యం 69 శాతం ఎక్కువ. సింగిల్ వాల్ రిమ్ము 100 కిలోల బిగువు తట్టుకోలేక 60 దగ్గరే ఆపేస్తే 12 గేజ్ సాగుదల 0.09కి దిగుతుంది. రిమ్ము ఆ కాస్త లోపలికి నొక్కుకుంటే చాలు, చువ్వ వదులు. మామూలు హబ్‌లో చువ్వ 260 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి సాగుదలా ఎక్కువే. మోటారు ఫ్లాంజ్ పెద్దది కావడంతో చువ్వలు పొట్టివైపోయి, సమస్య ముదిరింది.

డబుల్ వాల్ రిమ్ము, వంపు దగ్గర 2.3, ఒంటికి 2.0 మి.మీ. ఉండే బటెడ్ చువ్వలు, ఇత్తడి నిపుల్స్ (చువ్వని రిమ్ముకి బిగించే చిన్న నట్లు). నా సలహా ఇదే. మరవైపు 2.0 కాబట్టి మామూలు 14 గేజ్ నిపుల్సే పడతాయి.

లోడ్_బండి
లెక్క ఒప్పుకుంటాను. రంధ్రం వదులు సంగతి మాత్రం మిగిలే ఉంది. బటెడ్ చువ్వలు మన సైకిల్ షాపుల్లో అడిగితే దొరికే సరుకూ కాదు.

బిగువు_లెక్క
తల కింద పలచని ఇత్తడి వాషర్ వేస్తే వంపు ఫ్లాంజ్‌కి ఆనుకుంటుంది. చువ్వ ఎక్కించాక తలమీద పంచ్ పెట్టి ఒక్క దెబ్బ వేయండి, కూర్చుంటుంది. బటెడ్ దొరక్కపోతే 13 గేజ్ సాదావి తీసుకోండి. ఈ పొట్టి కొలతలు షాపులో రెడీగా ఉండవు. పొడవువి కొని కోయించి, మర వేయించుకోవాలి.

మర_నిపుల్
అల్లిక గురించి. ఫ్లాంజ్ రంధ్రాల వలయం 230 మి.మీ., రిమ్ములో ఎదురెదురు నిపుల్ సీట్ల మధ్య 540, మధ్య నుంచి ఫ్లాంజ్‌కి 20 అనుకుందాం. ఒక క్రాస్‌కి చువ్వ 166 మి.మీ. వస్తుంది, రెండు క్రాసులకి 196. నిపుల్ దగ్గర చువ్వ పక్కకి ఒరిగే కోణం మొదటిదాంట్లో 14 డిగ్రీలకి కాస్త తక్కువ, రెండోదాంట్లో 22. రంధ్రం నిటారుగా ఉన్న రిమ్ములో 22 డిగ్రీలంటే నిపుల్ మూతి దగ్గర చువ్వ వంగి తీరుతుంది, ఇక తెగడం మర మొదట్లో. జబ్బు వంపు నుంచి మరకి మారుతుందంతే. ఒక క్రాసే వేయండి.

కొండదారి
ఘాట్ ఎక్కే బండికి ఒక క్రాస్ చాలదు. మోటారు లాగినప్పుడు ఫ్లాంజ్ మెలితిప్పుకుంటుంది. రెండు క్రాసులుంటేనే ఆ లాగుడు చువ్వలు పంచుకుంటాయి.

మర_నిపుల్
50 న్యూటన్ మీటర్ల టార్క్‌కి, అంటే తిప్పే బలానికి, లెక్క వేయండి. ఇదే చక్రంలో ఒక క్రాస్‌కి ఒక్కో చువ్వలో బిగువు మారేది సుమారు 2.2 కిలోలు, రెండు క్రాసులకి 1.4. ఉన్న బిగువు 100 కిలోలు. ఆ ముప్పాతిక కిలో తేడా కోసం నిపుల్‌ని 22 డిగ్రీలు వంచడం దండగ. క్రాస్ లేకుండా నేరుగా మాత్రం అల్లకూడదు, అప్పుడు టార్క్ మోయడానికి కోణమే ఉండదు.

బెజవాడ_సైకిల్
సరేనండి, ఒక క్రాస్. కొలతలు ఎలా తీయాలి?

బిగువు_లెక్క
పాత చక్రం విప్పే ముందే రెండువైపులా యాక్సిల్ నట్టు నుంచి రిమ్ము అంచుకి ఎంతుందో రాసిపెట్టుకోండి. ఫ్రీవీల్, డిస్క్ ఉన్న మోటార్లలో రిమ్ము ఫ్లాంజ్‌లకి సరిగ్గా మధ్యలో ఉండదు, అందుకే కుడి ఎడమ చువ్వల పొడవు వేరుగా రావచ్చు. ఫ్లాంజ్ మీద ఒక రంధ్రం లోపలి అంచు నుంచి ఎదుటి రంధ్రం బయటి అంచుకి కొలిస్తే వలయం వ్యాసం నేరుగా వచ్చేస్తుంది. రిమ్ము కొలతని పెట్టె మీద చూసి నమ్మకండి. పొడవు తెలిసిన రెండు చువ్వలకి, కొస నిపుల్ గాడి అడుగుకి వచ్చేదాకా నిపుల్స్ తిప్పి, ఎదురెదురు రంధ్రాల్లోంచి లాగి పట్టి, మధ్య ఖాళీ కొలిచి మూడూ కూడండి. అడ్డంగా ఇంకో జత రంధ్రాల్లో కూడా చూసి సగటు తీయండి.

మరకీ నిపుల్ సీటుకీ ఒక చుక్క నూనె. అన్నిట్నీ ఒకే మర గుర్తుకి తెచ్చి, అక్కణ్ణుంచి అర చుట్టు చొప్పున వరసగా బిగించండి. చివర్లో పావు చుట్లతో బెండు తీయాలి. రిమ్ము కంపెనీ చెప్పిన బిగువు దాటొద్దు. మీటరు లేకపోతే ఒకే వైపు చువ్వల్ని మీటి చూడండి, అన్నీ ఒకే శ్రుతి పలకాలి. తర్వాత కర్ర పిడితో క్రాస్ దగ్గర గట్టిగా నొక్కి వంపులని కూర్చోబెట్టి, మళ్ళీ బెండు చూడండి. ఈ పని ఎగ్గొట్టిన చక్రం మొదటి వందకిలోమీటర్లలోపే వదులవుతుంది. ఎలాగైనా వంద దగ్గర ఒకసారి చూసుకోవాలి.

లోడ్_బండి
26 అంగుళాల సైకిల్ రిమ్ముకి సన్నవే, ఒప్పుకున్నాను. మోపెడ్ రిమ్ము వేస్తే మాత్రం నా మాట 12 గేజే. ఆ మందం రిమ్ము బిగువు భరిస్తుంది, లావు చువ్వ చాలినంత సాగుతుంది. ఒక్క జాగ్రత్త: మోపెడ్ రిమ్ము రంధ్రాలు దాని సొంత హబ్ కోణానికి ఒరిగి ఉంటాయి. మోటారు ఫ్లాంజ్‌కి ఆ కోణం కుదురుతుందో లేదో కొనేముందే ఒక చువ్వ పెట్టి చూడాలి.

మర_నిపుల్
అందులో గొడవ లేదు. సైకిల్ డబుల్ వాల్ రిమ్ములో మాత్రం 12 గేజ్ నిపుల్ పట్టాలంటే రంధ్రం డ్రిల్లుతో పెంచాలి. ఐలెట్ (రంధ్రానికి బిగించిన లోహపు రింగు) ఉన్న రిమ్మైతే డ్రిల్లుకి ఐలెట్టే పోతుంది, ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది దానికోసమే.