ఏప్రిల్ 2 సెడర్: పస్కాకి ఇల్లు, వంటిల్లు సిద్ధం చేసే వాలంటీర్లందరికీ

కో-ఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఏటా ఉగాది అయ్యాక మన సంఘం వాళ్ళం ఎవరో ఒక సభ్యుల ఇంటి పండక్కి కలిసి వెళ్ళే ఆనవాయితీ ఉంది కదా, ఈసారి న్యూజెర్సీ హైలాండ్ పార్క్‌లో మన అమ్మాయి వాళ్ళింటికి. తను యూదు మతం తీసుకుని పెళ్ళి చేసుకున్నాక ఇన్నాళ్ళూ యూదుల పస్కా పండగ అత్తగారింట్లోనే జరిగేది, సొంత ఇంట్లో చేసుకోవడం ఇదే మొదలు. 2026 పస్కా ఏప్రిల్ 1 బుధవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మొదటి రాత్రి వాళ్ళ కుటుంబంతో, రెండో రాత్రి సెడర్‌కి (పస్కా కథ చెప్పుకుంటూ చేసే విందు), గురువారం ఏప్రిల్ 2న, మనల్ని 18 మందిని పిలిచారు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఎవ్వరూ ఇంటి నుంచి ఏమీ వండుకు రావొద్దు. పులిహోర వద్దు, బూరెలు వద్దు, ‘పిల్లల కోసం కాసిని జంతికలు’ అని కూడా వద్దు. ఒకరింటికి ఉత్త చేతుల్తో వెళ్ళడం మనకి అలవాటు లేదని తెలుసు. కానీ ఆ ఇంట్లో ఇన్ని రోజులు పడే కష్టమంతా పులిసిన ధాన్యం జాడ లేకుండా చెయ్యడానికే. మన గిన్నె ఒక్కటి లోపలికి వెళ్ళిందంటే ఆ బల్ల మీద తాము తినొచ్చా లేదా అని వాళ్ళు తమ మతగురువు రబ్బీ గారిని అడగాల్సిన పరిస్థితి తెచ్చినవాళ్ళం అవుతాం. ఈసారి మన వంతు చేతుల సాయం మాత్రమే, అది చాలా కావాలి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్, ఈ ఐదు ధాన్యాల పిండిలో ఏదైనా నీళ్ళు తగిలి 18 నిమిషాలు అలాగే ఉండిపోతే పులిసినట్టే లెక్క, దాన్ని హమేత్స్ అంటారు. మత్సా అనే పులియని రొట్టె కూడా ఆ 18 నిమిషాల లోపే కలిపి, వత్తి, కాల్చేస్తారు. ఇజ్రాయెల్ బయట ఉండేవాళ్ళకి పండగ ఎనిమిది రోజులు, అన్ని రోజులూ హమేత్స్ తినకూడదు, ఇంట్లో ఉండకూడదు, తమ సొత్తుగా కూడా ఉండకూడదు. వాళ్ళ పూర్వీకులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయల్దేరేటప్పుడు పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేకపోయింది కాబట్టి. చర్చికి వెళ్ళే మనవాళ్ళకి నిర్గమకాండం 12వ అధ్యాయం తెలిసే ఉంటుంది.

తెలుగువాళ్ళ వంటింట్లో ఇది ఎక్కడెక్కడ ఉంటుందంటే, మైదా, గోధుమ పిండి, బొంబాయి రవ్వ, సేమ్యా అందరికీ తట్టేవే, తట్టనిది ఇంగువ. డబ్బాలో వచ్చే ఇంగువ పొడి చాలా బ్రాండ్లలో గోధుమ పిండి కలిసి ఉంటుంది, లేబుల్ తిప్పి చూడండి. అంటే ఆ ఇంగువ వేసిన సాంబారు పొడి, చారు పొడి, వాళ్ళమ్మగారు పంపిన ఊరగాయ సీసాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. హార్లిక్స్, బోర్న్‌విటాల్లో బార్లీ మాల్ట్ ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. వాళ్ళ పిల్లికి పెట్టే తిండి కూడా చూడాలి.

ఇంకోటి, మన వాలంటీర్ పనులన్నీ శనివారం పెట్టుకుంటాం కదా, ఇక్కడ కుదరదు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ళకి సబ్బాతు, అంటే పని మానే విశ్రాంతి దినం, ఆ టైమ్‌లో పని కోసం తలుపు కొట్టొద్దు, ఫోన్ కూడా చెయ్యొద్దు. ఆదివారాలు, మామూలు రోజుల సాయంత్రాలే మనవి.

వంటల టీమ్, ఆంటీ:
అంతా బావుంది గానీ అన్నం ఉంటుందా ఉండదా? బియ్యం ఆ ఐదు ధాన్యాల్లో లేదుగా. యూదుల్లో కొందరు పస్కాకి అన్నం తింటారని కూడా విన్నాను. పద్దెనిమిది మంది తెలుగువాళ్ళకి అన్నం లేని భోజనం అంటే నాకు టెన్షన్‌గా ఉంది.

కో-ఆర్డినేటర్:
ఆంటీ, మీరు విన్నది నిజమే. బియ్యం హమేత్స్ కాదు. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్డీ యూదుల్లో చాలామంది బియ్యాన్ని మూడుసార్లు ఏరి, గోధుమ గింజ కలవలేదని చూసుకుని పస్కాకి వండుకుంటారు. అంతెందుకు, తల్మూదు అనే వాళ్ళ ప్రాచీన ధర్మ గ్రంథంలో సెడర్ బల్ల మీద పెట్టే రెండు వంటకాలు ఏవని చర్చ వస్తే, రవ్ హునా అనే పండితుడు బీట్‌రూట్, అన్నం అని చెప్పాడు. కానీ యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు కొన్ని వందల ఏళ్ళుగా బియ్యం, పప్పులు, ఆవాలు, నువ్వులు, మొక్కజొన్న లాంటివన్నీ పస్కాకి మానేస్తున్నారు. వీటిని కిట్‌నియోత్ అంటారు. 2015లో అమెరికాలో ‘కన్జర్వేటివ్’ అనే శాఖ యూదుల ధర్మశాస్త్ర కమిటీ ఇవి తినొచ్చని తీర్పు ఇచ్చింది. అయితే అమ్మాయి వాళ్ళాయనది అష్కెనాజీ కుటుంబం, వాళ్ళు వెళ్ళేది పాత ఆచారాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ శాఖ సినగాగ్ (ప్రార్థనా మందిరం), కాబట్టి ఆ ఇంట్లో కిట్‌నియోత్ ఉండవు. దయచేసి ఎవరూ ఈ తీర్పు చూపించి ఆ అమ్మాయిని ఒప్పించాలని చూడొద్దు. ఇంటి ఆచారం ఆ ఇంటివాళ్ళది. మడి కట్టుకున్న బామ్మగారి వంటింటి గుమ్మం దగ్గర ఎలా ఆగేవాళ్ళమో ఇక్కడా అలాగే.

కాబట్టి మన పోపు మొత్తం పోయింది, ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఇంగువ ఏవీ లేవు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె కూడా ఆ ఇంట్లో వాడరు. జీలకర్ర, మెంతులు, ధనియాల సంగతి రబ్బీ గారిని అడగాలట, అడిగేదాకా లేవనే అనుకోండి. ఉన్నవి: పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు, కొత్తిమీర, కొబ్బరి, నిమ్మకాయ, పస్కాకి పనికొస్తుందన్న ముద్ర ఉన్న పసుపు, మిరియాలు, జీడిపప్పు. వీటితో బంగాళాదుంప వేపుడు, కొబ్బరి వేసి బీట్‌రూట్ కూర, జీడిపప్పు ముద్దతో గుత్తొంకాయ, అల్లం మిరియాలతో టమాటా చారు చెయ్యొచ్చు కదా ఆంటీ? మనలో శాకాహారులు ఎక్కువని భోజనంలో మాంసం పెట్టట్లేదు, కోషర్ (యూదుల ఆహార నియమాల) గిన్నెల లెక్క సులువుగా ఉండాలని పాలు, పెరుగు, నెయ్యి కూడా లేవు. సెడర్‌లో పండగ గుర్తులు పెట్టే పళ్ళెంలో కాల్చిన ఎముక బదులు బీట్‌రూట్ పెడతారు, దానికి ఆధారం నేను పైన చెప్పిన తల్మూదు మాటే.

ఇంటి అమ్మాయి:
ఆంటీ, అన్నం లేనందుకు నాకూ మనసులో ఉంది, కానీ గుత్తొంకాయ అనగానే ప్రాణం లేచి వచ్చింది. వంటకి వచ్చేవాళ్ళకి ఒక నియమం, పొయ్యి వెలిగించేది నేనో మా ఆయనో అయ్యుండాలి, వెలిగించాక గరిటె మీరు తిప్పొచ్చు, తరగొచ్చు, రుచి చూడొచ్చు.

శుభ్రం చెయ్యడం గురించి రబ్బీ గారి భార్య నాకు చెప్పిన మాట మీకూ చెప్తాను, దుమ్ము హమేత్స్ కాదు. ఫ్యాన్ రెక్కలు, కిటికీ అద్దాలు, పుస్తకాల మీద దుమ్ము, ఇవన్నీ మనకి ఉగాది ముందు చేసే అలవాటు కాబట్టి చెయ్యి అటే పోతుంది. అవి చేస్తూ కూర్చుంటే అసలు పని దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. మనం వెతకాల్సింది తిండి వెళ్ళే చోట్లు: సోఫా దిండ్ల కింద, కారు సీట్ల సందుల్లో, బాబు ఎత్తు కుర్చీ పట్టీల్లో, కోటు జేబుల్లో, స్కూలు సంచుల్లో, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో. బేకింగ్ సోడా, మామూలు ఉప్పు లాంటివి చూసి కంగారు పడొద్దు, అడగండి.

వంటిల్లు ఎలా అనుకున్నామంటే, మార్చి 28 శనివారం చీకటి పడ్డాక వాడకం ఆపేస్తాం. 29 ఆదివారం రుద్దడం. ఓవెన్‌ని సెల్ఫ్ క్లీన్‌లో పెడతాం, ఆ వాసనకి కిటికీలు తీసి ఉంచాలి, ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ పూట రావొద్దు. సింక్ స్టీలుది కాబట్టి అదృష్టం, శుభ్రంగా తోమి, 24 గంటలు వేడిది ఏదీ పొయ్యకుండా ఉంచి, 30 సోమవారం రాత్రి సలసల కాగే నీళ్ళు ప్రతి అంగుళం మీదా తగిలేలా పొయ్యాలి. పింగాణీ సింక్ అయితే ఇలా కుదరదట, పింగాణీ, మట్టి పాత్రలు పీల్చుకున్నది వదలవని. అందుకే మా మామూలు పింగాణీ ప్లేట్లన్నీ అల్మారాలోకి, పండక్కి వేరే సెట్టు. గట్టు మీద మందపాటి అట్ట, దాని మీద ఫాయిల్. స్టీలు గరిటెలు కొన్ని మాత్రం 24 గంటలు పక్కన పెట్టి మరిగే నీళ్ళలో ముంచి తీస్తాం. చపాతీ పెనం, పీట, కర్ర, టోస్టర్, మిక్సీ, కుక్కర్ జోలికి వెళ్ళట్లేదు, వీటిని శుద్ధి చెయ్యడం కంటే కట్టేసి పైన పెట్టడమే మేలు. అమ్మ ఇచ్చిన గ్రైండర్ కూడా పైకే.

పోపుల పెట్టె, పచ్చళ్ళు, పిండి డబ్బాలు ఒక అల్మారాలో పెట్టి టేపు వేస్తాం. అందులో ఉన్న హమేత్స్‌ని రబ్బీ గారు మా తరఫున యూదుడు కానివారికి అమ్మేస్తారు, నేను కాగితం మీద సంతకం కూడా చేశాను. అది నిజమైన అమ్మకం, ఆ ఎనిమిది రోజులూ ఆ సరుకు మాది కాదు, కాబట్టి ఆ అల్మారా ఎవరూ తెరవొద్దు, తెలియక ఎవరైనా టేపు లాగుతారేమోనని ముందే చెప్తున్నా. బియ్యం బస్తా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, తినం అంతే.

కొనుగోళ్ల టీమ్:
చెల్లెమ్మా, షాప్‌రైట్‌లో పస్కా సరుకులకి వేరే వరస పెట్టేశారు, ఈ ఆదివారం వెళ్తున్నాను. ప్యాకెట్ మీద కోషర్ గుర్తు ఉంటే చాలా? కొత్త కత్తులు, రెండు పెద్ద గిన్నెలు సంఘం తరఫున కానుకగా ఇద్దామనుకున్నాం. వైన్ ఎన్ని సీసాలు?

కో-ఆర్డినేటర్:
అన్నయ్యా, కోషర్ గుర్తు ఒక్కటే చాలదు, దాని పక్కన పి అనే అక్షరం గానీ, కోషర్ ఫర్ పాసోవర్ (పాసోవర్ అంటే పస్కానే) అన్న మాట గానీ ఉండాలి. ఏడాదంతా కోషరే అయిన రొట్టె పస్కాకి పనికిరాదు కదా. మత్సా కూడా ఏడాది పొడుగునా అమ్మే డబ్బాలు వేరే ఉంటాయి, వాటి మీద పస్కాకి కాదని రాసే ఉంటుంది, ఆ వరసలో కలిసిపోతాయి, చూసి తీసుకోండి. నూనె, వెనిగర్, పసుపు, జీడిపప్పు, అన్నిటికీ ఇదే చూపు. కూరగాయలు, పండ్లు, గుడ్లు మామూలువే.

కానుక మంచి ఆలోచన, కానీ 22వ తేదీ లోపు అందాలి. కొత్త లోహపు, గాజు పాత్రలు వాడే ముందు మిక్వే అనే శుద్ధి కొలనులో ముంచి తేవాలి, స్టిక్కరు, జిగురు పూర్తిగా తీసేసి ఇవ్వండి.

వైన్ మీద ‘మెవుషల్’ అని ఉన్నదే కొనండి. అది కాచిన వైన్. కాచనిది అయితే, యూదులు కానివాళ్ళు సీసా తీసి వంపితే వాళ్ళు తాగరు. మనలో ఎవరో మర్యాదకి లేచి వడ్డించేస్తాం, అందుకే. సెడర్‌లో ఒక్కొక్కరూ నాలుగు కప్పులు తాగాలి కాబట్టి ద్రాక్షరసం ఎక్కువే తీసుకోండి, పిల్లలకి, తాగనివాళ్ళకి అదే.

కాఫీ గురించి నన్ను చాలామంది విడిగా అడిగారు. ఇంగ్లీషులో ‘బీన్’ అని పేరు పెట్టుకుంది కాబట్టి కాఫీ కూడా కిట్‌నియోత్ అని ఒకప్పుడు అమెరికాలో చాలా ఇళ్ళలో పస్కాకి మానేసేవారు. 1923లో మాక్స్‌వెల్ హౌస్ కంపెనీ ఒక రబ్బీ దగ్గర అది పండు లోపలిదే, పప్పు జాతి కాదని తీర్పు తెచ్చుకుంది, 1932 నుంచి సెడర్‌లో చదివే హగ్గాదా పుస్తకాలు కూడా అచ్చు వేసి పంచుతోంది. కాబట్టి కాఫీ ఉంటుంది, పాలు లేకుండా. మన చికోరీ కలిపిన పొడి తేకండి.

సభ్యురాలు:
అక్కా, 29 మాకు మట్టల ఆదివారం, ఆరాధన అయ్యేసరికి పన్నెండున్నర, ఒంటిగంటకల్లా మేం నలుగురం వచ్చేస్తాం. 2న సాయంత్రం పవిత్ర గురువారం ప్రార్థన ఉంది, సెడర్‌కి రాలేం. మా బదులు వేరేవాళ్ళని పిలవండి. పనికి మాత్రం మమ్మల్ని ఎంతైనా వాడుకోండి. చిన్నప్పటి నుంచి పస్కా అని చదవడమే గానీ, ఒక ఇల్లు దానికోసం ఎలా సిద్ధమవుతుందో చూడలేదు.

సభ్యుడు, గుంటూరు:
మాది చేబ్రోలు పక్కనే. మా దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, బెనె ఎఫ్రాయిము అంటారు, 1991లో సినగాగ్ కూడా పెట్టుకున్నారు. అంటే తెలుగు ఇంట్లో పస్కా జరగడం కొత్తేం కాదు. సెడర్‌లో కొంచెం తెలుగు కూడా వినిపిస్తే ఆ అమ్మాయి వాళ్ళమ్మకి ఎంత సంతోషంగా ఉంటుందో. కుదురుతుందా?

కో-ఆర్డినేటర్:
చాలా మంచి మాట అన్నారు. కుదురుతుంది. కథ అర్థమయ్యే భాషలో చెప్పుకోవడమే ఆ రాత్రి ఉద్దేశం. బల్ల దగ్గర అందరికంటే చిన్నవాళ్ళు నాలుగు ప్రశ్నలు అడుగుతారు: ‘ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు వేరు’ అని మొదలుపెట్టి, ఎందుకు మత్సానే తింటున్నాం, ఎందుకు చేదు ఆకులు తింటున్నాం, ఎందుకు ఆకులు రెండుసార్లు ముంచుతున్నాం, ఎందుకు ఆనుకుని కూర్చున్నాం. హీబ్రూలో వాళ్ళ మేనకోడలు అడుగుతుంది, తెలుగులో మన పిల్లల్లో ఒకరు నేర్చుకుంటే బావుంటుంది. పెద్ద అక్షరాల్లో ముందే ప్రింట్ తీసి 1వ తేదీ మధ్యాహ్నం లోపే ఆ ఇంట్లో ఇచ్చెయ్యాలి. పండగ నియమాల వల్ల ఆ రాత్రి బల్ల మీద ఫోన్లు ఉండవు, ఫోటోలు ఉండవు, లైటు స్విచ్చి ముట్టుకోవద్దు, బెల్ కొట్టకుండా తలుపు తట్టండి.

రోజుల లెక్క మళ్ళీ చెప్తున్నా. 22 ఆదివారం కారు, పడకగదులు, సంచులు. 29 ఆదివారం వంటిల్లు. 30 సోమవారం రాత్రి సింక్, గట్టు. 31 మంగళవారం సాయంత్రం కూరగాయలు తరగడం, అది రాత్రి పడే ముందే ముగించి మనం బయటికి వచ్చెయ్యాలి, ఎందుకంటే ఆ రాత్రి వాళ్ళు దీపం పట్టుకుని, ఈక, చెక్క గరిటెతో హమేత్స్ కోసం ఇల్లంతా వెతికే తంతు ఉంది. అది వాళ్ళిద్దరే ప్రశాంతంగా చేసుకోవాలి. పది రొట్టె ముక్కలు అక్కడక్కడా దాచి ఉంటాయి, సాయంత్రం ఎవరికైనా కనిపిస్తే తీసి చెత్తబుట్టలో వెయ్యొద్దు. బుధవారం ఉదయం అవి కాల్చేశాక వంట మొదలు. లెట్యూస్ ఆకులు ఒక్కొక్కటే దీపం వెలుతురులో పట్టుకుని పురుగుల కోసం చూడాలి, దీనికి కళ్ళు బాగా ఆనేవాళ్ళు కావాలి. గట్టు మీద విడిగా ఒక మత్సా, ఒక ఉడికించిన గుడ్డు కనిపిస్తాయి, పండగలో పని మానే మొదటి రెండు రోజులు శుక్రవారం దాకా నడిచి వెంటనే సబ్బాతు వస్తోంది కాబట్టి, శుక్రవారం సబ్బాతుకి వండుకోవడానికి అనుమతిగా పెట్టేవి అవి. సర్దేస్తూ ఫ్రిజ్‌లో పెట్టెయ్యకండి, తినెయ్యకండి.

గురువారం పగలు ఎవరూ సాయానికి వెళ్ళొద్దు, మొదటి రోజు పండగలో రెండో రాత్రికి పనులు చేసుకోకూడదు. అందుకే మనకి పిలుపు రాత్రి ఎనిమిదింపావుకి, పూర్తిగా చీకటి పడ్డాక. భోజనం వచ్చేసరికి పది దాటుతుంది, ముగిసేసరికి అర్ధరాత్రి. పిల్లలకి ఇంట్లోనే ఏదైనా పెట్టి తీసుకురండి, వాళ్ళ చేతులు, బట్టలు, జేబులు దులిపి మరీ ఎక్కించండి.

వంటల టీమ్, ఆంటీ:
గుత్తొంకాయ, చారు నావి. బుధవారం పొద్దున్నే వచ్చేస్తాను. అమ్మాయ్, వంకాయలు నేను తేనా, అక్కడే ఉంటాయా?

ఇంటి అమ్మాయి:
కూరగాయలన్నీ తెప్పిస్తున్నా ఆంటీ, మీరొస్తే చాలు. అట్లకాడ కూడా తేవొద్దు.

కో-ఆర్డినేటర్:
ఇంకా కావాల్సినవాళ్ళు: 30 రాత్రికి కాగే నీళ్ళ గిన్నె జాగ్రత్తగా ఎత్తగలిగేవాళ్ళు ఇద్దరు, 31 సాయంత్రానికి తరగడానికి ముగ్గురు, తెలుగులో ప్రశ్నలు నేర్చుకునే పిల్ల గానీ పిల్లాడు గానీ ఒకరు. గురువారం ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కో కారులో వస్తే వీధిలో పార్కింగ్ సరిపోతుంది. కింద రాయండి, ఆదివారం రాత్రికి లిస్టు ఖాయం చేస్తాను.