అయిదు లక్షల్లో పెళ్ళి: హాలు, భోజనాల లెక్క కుదరడం లేదు, సలహా చెప్పండి

కంచరపాలెం వాసి (ప్రశ్న):
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో పెళ్ళి కుదిరింది. బంగారం, బట్టలు కాకుండా మిగతా ఖర్చంతా అయిదు లక్షల రూపాయలు దాటకూడదని ఇంట్లో అందరం కూర్చుని నిర్ణయించుకున్నాము. నిన్న సాయంత్రం నుంచి లెక్కలు కడుతూనే ఉన్నాను. ఎటు తిప్పి కట్టినా ఎనిమిది లక్షలకు తగ్గడం లేదు. పూల మండపాన్ని చిన్నది చేశాను, వీడియోలో డ్రోన్ తీసేశాను, శుభలేఖలు సగమే అచ్చు వేయించి మిగతావారికి ఫోనులో పంపుదామన్నాను, వచ్చినవారికి ఇచ్చే కానుకలు వద్దన్నాను. ఇన్ని చేస్తే తగ్గింది అరవై వేలు. హాలువారు ముందు ఒక అద్దె చెప్పి, ఆ తరువాత కరెంటు వేరు, జనరేటరు డీజిలు వేరు, శుభ్రం చేసే కూలి వేరు అంటారు. భోజనాలవారు ఆకుకు ఇంత అని ఊరుకుంటారు. విశాఖలో తక్కువ ఖర్చుతో పెళ్ళి చేసినవారు ఎక్కడ ఎలా తగ్గించారో దయచేసి చెప్పండి. ఆడంబరాలు మానుకోండి అన్న సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు, అది తప్ప మరేదైనా సరే.

గాజువాక సభ్యుడు:
ఎంతమంది? ఏ తేదీ? ముహూర్తం ఎన్ని గంటలకు? మీరు ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా? ఇవి తెలియకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:
ఖర్చు సంగతికి ముందు మీరు ఆలోచించవలసినది మరొకటి ఉంది. పెళ్ళికి లక్షలు పోసేవారు కూడా రిజిస్ట్రేషన్ మాట మరచిపోతున్నారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ నమోదుకు వీలు కల్పించగా, మన రాష్ట్రంలో 2002లో వచ్చిన చట్టం వివాహ నమోదును తప్పనిసరి చేసింది. వధువుకు 18, వరుడికి 21 ఏళ్ళు నిండినట్టు రుజువు, శుభలేఖ, పెళ్ళి ఫోటోలు దగ్గర ఉంచుకోండి. పాస్‌పోర్టుకో వీసాకో అవసరమైనప్పుడు పరుగులు పెట్టడం కంటే పెళ్ళయిన వెంటనే సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళడం మేలు. అసలు ఖర్చే వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉండనే ఉంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షులతో సంతకాలు చేస్తే వివాహం పూర్తవుతుంది. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల లోపు జరగకపోతే మళ్ళీ కొత్త నోటీసు ఇవ్వవలసి వస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గాజువాక సభ్యుడు:
ఆయన అడిగింది అది కాదండీ.

కంచరపాలెం వాసి:
పెద్దలకు ధన్యవాదాలు. రిజిస్ట్రేషన్ ఎలాగూ చేయిస్తాము. సంప్రదాయంగా పెళ్ళి జరగాలన్నది మా అమ్మగారి కోరిక, దానిలో మార్పు లేదు. ఆరు వందల మంది వస్తారని అంచనా. పెళ్ళి మా చెల్లెలిది.

వంటల కాంట్రాక్టరు, పెందుర్తి:
తమ్ముడూ, ముహూర్తం వేళ ఇంకా చెప్పలేదు. దాని మీదే సగం లెక్క ఆధారపడి ఉంటుంది. భోజనాల విషయం నేను చెబుతాను. మా పనిలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి ఆకు లెక్క: వంటలు ఏమిటో మీరు చెబుతారు, సామాను, వంట, వడ్డన అన్నీ మావే, లేచిన ఆకులకు, అంటే భోంచేసినవారి లెక్కకు, డబ్బు కడతారు. రెండవది కూలి లెక్క: సామాను మీరు తెచ్చి ఇస్తారు, మేము వండి వడ్డించి మా కూలి తీసుకుంటాము. పూర్ణా మార్కెట్లో కిరాణా, కూరగాయలు టోకున కొని కూలి పద్ధతిలో వండిస్తే ఆకు లెక్క కంటే బాగా తగ్గుతుంది. బియ్యం కిలోకు ఎనిమిది మంది చొప్పున లెక్క వేసుకోండి. పులిహోర, బిరియాని వంటివి కూడా పెడితే తెల్ల అన్నం ఇంకా తగ్గుతుంది. కూరలు ఆరు కాకుండా మూడు చాలు. గుమ్మడికాయ దప్పళం, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, బూరె, పెరుగు ఆవడ పెట్టిన బంతిలో ఎవరూ లేచిపోరు. మూలన పెట్టే చాట్, నూడిల్స్, ఐస్‌క్రీము బల్లలు చూడడానికి బాగుంటాయి కానీ డబ్బంతా అక్కడే పోతుంది, పైగా అవి తిన్నవారు అన్నం దగ్గర సగం వదిలేస్తారు.

గృహిణి, సీతమ్మధార:
కూలి పద్ధతి తక్కువలో అవుతుందన్న మాట పూర్తిగా నిజం కాదు. సామాను ఉంచిన గది దగ్గర తాళం చేత పట్టుకుని ఇంటి మనిషి ఒకరు పెళ్ళంతా నిలబడాలి. మా ఆడపడుచు పెళ్ళిలో ఆ పని మా మరిదికి పడింది. ఆయన తలంబ్రాలు కూడా చూడలేదు. నెయ్యి చాలదని అర్ధరాత్రి కబురు వస్తే తెచ్చేది ఎవరు? మనుషులు తక్కువగా ఉన్న ఇంటికి ఆకు లెక్కే నయం.

వంటల కాంట్రాక్టరు, పెందుర్తి:
అమ్మా, నెయ్యి చాలకపోవడం లెక్క వేసినవాడి లోపం, పద్ధతి లోపం కాదు. అయితే ఆకు లెక్కలో అసలు మెలిక ఎవరూ అడగరు. ‘గ్యారంటీ ఆకులు’ అని ఒకటి ఉంటుంది. మీరు ఆరు వందలు అని చెబితే, నాలుగు వందల యాభై మందే వచ్చినా ఆరు వందలకే కట్టాలి. అందుకని గ్యారంటీ నాలుగు వందలకే రాయించుకుని, ఆపైన లేచిన ఆకులకు అదే ధర అని కాగితం మీద పెట్టించుకోండి. చిన్నపిల్లల ఆకు, వాయిద్యగాళ్ళ ఆకు, డ్రైవర్ల ఆకు లెక్కలోకి వస్తాయో రావో కూడా ముందే మాట్లాడుకోండి.

గాజువాక సభ్యుడు:
ముహూర్తం ఎన్ని గంటలకు?

కంచరపాలెం వాసి:
రాత్రి రెండు దాటాక. అందరి పెళ్ళిళ్ళూ ఆ వేళకే కదా జరుగుతాయి, అందుకే ప్రత్యేకంగా రాయలేదు. మగపెళ్ళివారు పలాస నుంచి రెండు బస్సులలో వస్తున్నారు. వారికి విడిది కోసం లాడ్జిలో పన్నెండు గదులు మాట్లాడాను.

గాజువాక సభ్యుడు:
మీ మూడు లక్షలు అక్కడే ఉన్నాయి.

వంటల కాంట్రాక్టరు, పెందుర్తి:
ఆయన క్లుప్తంగా చెప్పినదాన్ని నేను విడమరచి చెబుతాను. రాత్రి రెండింటికి ముహూర్తం అంటే సాయంత్రం వచ్చినవారికి టీ, ఫలహారం; తొమ్మిదింటికి ఆరు వందల మందికి పూర్తి భోజనం; తెల్లవారేసరికి ఉన్నవారికి కాఫీ, ఇడ్లీ, ఉప్మా; మధ్యాహ్నం మగపెళ్ళివారు బయలుదేరే ముందు మళ్ళీ భోజనం. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి హాలులో ఉండేది రెండు వైపులా కలిపి అరవై డెబ్బై మంది. అంటే వచ్చినవారిలో ఎక్కువమంది పెళ్ళి చూడకుండా భోజనం చేసి వెళ్ళిపోతారు, మీరు మాత్రం నాలుగు సార్లు పొయ్యి వెలిగిస్తారు. హాలు కూడా ఇరవై నాలుగు గంటలకు తీసుకోవాలి; ఏసీ, జనరేటరు రాత్రంతా నడుస్తాయి. అదే పగలు పదకొండున్నర, పన్నెండు ప్రాంతంలో ముహూర్తం దొరికితే ఒక ఫలహారం, ఒక భోజనం. ఆకు మూడు వందలు అనుకున్నా ఒక పూట ఆరు వందల మందికి 1,80,000 రూపాయలు. ఫలహారానికి వందమంది కంటే ఎక్కువ రారు.

గృహిణి, సీతమ్మధార:
పగటి ముహూర్తం అయితే విడిది ఖర్చు కూడా పోతుంది. కానీ ఉదయం తొమ్మిదింటి లగ్నం మాత్రం ఒప్పుకోకండి, పలాసవారు ముందురోజు రాత్రే దిగవలసి వస్తుంది, అప్పుడు గదులు తప్పవు. మధ్యాహ్నానికి దగ్గరలో ఉంటే వారు తెల్లవారుజామున బయలుదేరి వచ్చి, భోజనం చేసి, అప్పగింతలు అయ్యాక చీకటి పడేలోగా బస్సెక్కుతారు. పెళ్ళికొడుకు వారికి, పెద్దవయసు వారికి రెండు మూడు గదులు చాలు. నాకు ఇంకొక అనుమానం. మీ లెక్కలో సారె ఎక్కడ రాశారు?

కంచరపాలెం వాసి:
‘ఇతర ఖర్చులు’ అన్న చోట ఉంది. లడ్డు, కాజా, మైసూర్‌పాక్, సున్నుండ, అరిసె, జంతిక, మడుగుల హల్వా ఇలా పదకొండు రకాలు, ఒక్కొక్కటి రెండు వందల ఒకటి చొప్పున. తొంభై వేలు అంటున్నారు.

గృహిణి, సీతమ్మధార:
ఉత్తరాంధ్రలో ఆడపిల్ల తండ్రి నడుం విరిగేది ఇక్కడే. పెళ్ళి భోజనంలో ఒక కూర తగ్గించడానికి గంటసేపు బేరమాడి, సారె దగ్గరకు వచ్చేసరికి నోరెత్తరు. పలాసలో ఆ మిఠాయిలు ఇంటింటికీ పంచేసరికి సగం మెత్తబడి ఉంటాయి. రకాలు అయిదు, ఒక్కొక్కటి నూట ఒకటి చేయండి. శాస్త్రానికి కావలసింది చలిమిడి, పసుపు, కుంకుమ, చీర, ఆ తరువాత మీ శక్తి. మగపిల్లవాడి తల్లితో ఈ మాట మీరు కాకుండా మీ అమ్మగారు మాట్లాడితే బాగుంటుంది.

విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:
తొంభై వేల సారె అనేది కట్నానికి మారుపేరు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది.

గృహిణి, సీతమ్మధార:
వారు అడగలేదు, వీరు ఆనవాయితీగా పెడుతున్నారు. బూరెలు పంపితే కట్నం ఎలా అవుతుందండీ?

విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:
అడగకుండా ఇచ్చిన కానుకలకు చట్టం మినహాయింపు ఇచ్చిన మాట వాస్తవమే. అయితే వాటి జాబితా రాసి ఉంచాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి; పెళ్ళికూతురి వైపువారు ఇచ్చేవి ఆనవాయితీకి లోబడి, ఇచ్చేవారి తాహతుకు మించకుండా ఉండాలని కూడా చట్టంలోనే ఉంది. ఎనిమిది లక్షలు తన వల్ల కాదని ఇక్కడ మొరపెట్టుకుంటున్న కుటుంబానికి ఇది తాహతుకు తగినదేనా అన్నదే నా ప్రశ్న. జాబితా రాసే అలవాటు ఎంతమందికి ఉంది? బంగారం కొన్న రసీదులు కూడా దానితో జతచేసి ఉంచుకోవడం మేలు. నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) ఉందో లేదో చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేని హాల్‌మార్కు నగలు అమ్మడానికి వీల్లేదు. కురుపాం మార్కెట్లో తెలిసిన కొట్టే కదా అని చీటీ మీద రాయించుకుని వచ్చేవారిని నేను ఎరుగుదును.

గాజువాక సభ్యుడు:
బంగారం లెక్కలో లేదని మొదటే చెప్పారు. తేదీ ఏది?

కంచరపాలెం వాసి:
అక్షయ తృతీయ రాత్రి. హాలు సింహాచలం కొండ కింద, అడవివరం వైపు. ఊళ్ళో హాళ్ళకంటే అక్కడ అద్దె తక్కువ. కొంత అడ్వాన్సు ఇచ్చాము.

గోపాలపట్నం సభ్యుడు:
ఇన్ని మాటలు మాట్లాడుకున్నాక ఇప్పుడు చెబుతున్నారా? ఆ రోజు సింహాచలం అప్పన్న స్వామి చందనోత్సవం. ఏడాదికి ఒక్కరోజు నిజరూప దర్శనం, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. గోపాలపట్నం వైపు నుంచీ, హనుమంతవాక వైపు నుంచీ కొండకు వచ్చే దారుల్లో వాహనాలను మళ్ళిస్తారు. పలాస బస్సులు రెండూ హాలు దాకా వస్తాయన్న నమ్మకం పెట్టుకోకండి. మీ వంటవారి సామాను బండి కూడా అంతే. అద్దె ఎందుకు తక్కువ చెప్పారో ముందు వారినే అడగండి. పైగా తిథి మంచిదని ఊరంతా పెళ్ళిళ్ళు, పూల ధర, సన్నాయి మేళం ధర, పురోహితుల సంభావన అన్నీ ఆ రోజు పైనే ఉంటాయి.

వంటల కాంట్రాక్టరు, పెందుర్తి:
అది నిజం. ఆ తేదీకి నేనైతే ఒప్పుకోను, ఒప్పుకున్నా వడ్డించే కుర్రాళ్ళు దొరకరు. జ్యేష్ఠంలో వారం మధ్యలో వచ్చే పగటి ముహూర్తం చూడండి. మా ధరే కాదు, హాలు ధర కూడా మాట్లాడుకోవడానికి వీలుంటుంది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కమ్యూనిటీ హాళ్ళు కూడా అడిగి చూడండి. వసతులు అంతంతమాత్రమే అయినా, కంచరపాలెం నుంచి దగ్గరలో ఏదైనా దొరికితే మీవైపువారికి రవాణా ఖర్చు ఉండదు. జీడిపప్పు మాత్రం మీరు కొనకండి, వియ్యాలవారిది పలాస కదా.

విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:
జ్యేష్ఠ సంతానానికి జ్యేష్ఠ మాసంలో వివాహం చేయకూడదు.

గృహిణి, సీతమ్మధార:
వధువు, వరుడు ఇద్దరూ తొలి సంతానమై, మాసం కూడా జ్యేష్ఠమైతేనే దోషమని మా పురోహితులు చెప్పారు. ఒక్కరే తొలిచూలు అయితే చేస్తారు.

విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:
ఒక్కరైనా చేయకపోవడమే మా ఇంటి ఆచారం.

కంచరపాలెం వాసి:
మా ఇంట్లో పెద్దవాడిని నేనే, కనుక మావైపు నుంచి ఆ అభ్యంతరం లేదు. వరుడి సంగతి కనుక్కోవాలి. అన్నవరంలో చేస్తే ఎలా ఉంటుందని మా బాబాయి అంటున్నారు.

గోపాలపట్నం సభ్యుడు:
సత్యదేవుని సన్నిధి అంటే ఎవరికి ఇష్టం ఉండదు? కానీ ఇక్కడి నుంచి ఇంచుమించు 120 కిలోమీటర్లు, అదీ పలాసకు ఎదురు దిక్కున. మీ ఆరు వందల మందిలో ఎంతమంది వస్తారో చెప్పలేము. వచ్చేవారు తగ్గాలన్నదే మీ ఉద్దేశమైతే మాత్రం అంతకంటే మర్యాదైన మార్గం లేదు. ఇక్కడ పెళ్ళి చేసి, కొత్త దంపతులను తరువాత వ్రతానికి పంపడం అందరూ చేసేదే.

గాజువాక సభ్యుడు:
హాలు అడ్వాన్సు రసీదు మీద రద్దు షరతు ఏమని ఉంది?

కంచరపాలెం వాసి:
రసీదు నాన్నగారి దగ్గర ఉంది, చూసి చెబుతాను. రేపు పురోహితులవారిని కలిసి జ్యేష్ఠంలో పగటి లగ్నం అడుగుతున్నాము. సారె విషయం అమ్మగారు అయిదు రకాలకు ఒప్పుకున్నారు, నూట ఒకటికి ఇంకా ఒప్పుకోలేదు. అందరికీ ధన్యవాదాలు.

గాజువాక సభ్యుడు:
రసీదు చూసే దాకా తేదీ మారుస్తున్నట్టు హాలువారికి చెప్పకండి.

విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:
వరుడు తొలి సంతానమైతే మాత్రం మరొకసారి ఆలోచించండి.