తాత, నాన్న, పాప ముగ్గురికీ కోవిడ్ పాజిటివ్: ఎవరిలో ఏం చూడాలి?

గోదారిగట్టు: తాతగారికి 78, షుగరు ఉంది. నాన్నకి 49. పాప 12 కేజీలు. రెండు గదులు, ఒకటే బాత్‌రూమ్. ఎలా సర్దుకోవాలి?

రాత్రిడ్యూటీ: పెద్దాయనకి జ్వరం వస్తుందేమోనని కూర్చోకండి, రాకపోవచ్చు. అన్నం సగంలో వదిలేయడం, పగలంతా మగత, పొంతనలేని మాటలు, తూలి పడటం, ఇవే ముందు కనబడతాయి. ఆక్సిజన్ పడిపోతున్నా ఆయాసం తెలియకపోవచ్చు. వేలికి పెట్టే ఆక్సీమీటరులో 94 కిందికి దిగితే ఆసుపత్రే.

మందులకొట్టు: పాపకి పారాసిటమాల్ కేజీకి 15 మి.గ్రా., అంటే 180, ఆరు గంటలకోసారి. సీసా చూసి పోయండి. 5 మి.లీ.కి 250 ఉంటే 3.6 మి.లీ., 125 ఉంటే 7.2. చుక్కల మందులో మి.లీ.కే 100 ఉంటుంది, 1.8 చాలు. ఈ 7.2 కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు లోపలికెళ్తుంది. ఆస్పిరిన్ వద్దే వద్దు.

కాజాబాబు: గోరింటాకు ఉన్న వేలికి ఆక్సీమీటరు పెడితే అన్నీ తప్పులే. ముందది చెప్పండి.

రాత్రిడ్యూటీ: ఎర్రగా పండిన గోరింటాకుతో పెద్ద తేడా రాదు. నల్ల హెన్నా, గోళ్లరంగుతోనే తంటా. చేతులు రుద్ది వెచ్చబెట్టి, అంకె నిలకడయ్యాక చదవాలి. ఐసీయూలో మా పనే ఇది, నాకు నేర్పకండి.

కాజాబాబు: ఐసీయూ మిషనూ, బజార్లో కొన్న క్లిప్పూ ఒకటేనా? నల్లటి చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చని 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే హెచ్చరించింది. 95 చూసి జనం నిద్రపోతారు.

రాత్రిడ్యూటీ: అందుకేనయ్యా నడిపించి చూడమనేది! నాన్నని ఆరు నిమిషాలు, అరవై దాటినవాళ్లని మూడే. నడిచాక 3-4 అంకెలు పడితే డాక్టరుకి చెప్పాలి.

పాతబస్తీ: అసలు గొడవ నాన్న వయసువాళ్లతోనే. పక్కింటి చీటీ చూసి మొదటిరోజే డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) మింగేస్తారు. 2020లో బ్రిటన్‌లో కోవిడ్ మందులపై జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకి 6 మి.గ్రా. డెక్సా మేలు చేసింది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే. మిగతావాళ్లకి లాభం కనబడలేదు, చెడు జరగొచ్చు కూడా. ఆ స్ట్రిప్పు తాతగారి చేతికి మాత్రం అందనీయకండి, షుగరు పైకి తంతుంది. 2021లో బ్లాక్ ఫంగస్‌కి దారి వేసింది ఈ స్టెరాయిడ్, షుగరు జోడీయే.

గోదారిగట్టు: బాత్‌రూమ్ సంగతి?

మందులకొట్టు: ముగ్గురూ పాజిటివే కదా, ఒకే గదిలో ఉండొచ్చు. బాత్‌రూమ్ బాగున్నవాళ్లు ముందు వాడుకోవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపకూడదు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, కిటికీలు తీయండి.

కాజాబాబు: అందరికీ ఆవిరి పట్టించండి, సగం తగ్గుతుంది.

రాత్రిడ్యూటీ: ఆవిరితో వైరస్ చావదు, పిల్ల పక్కన మరిగే గిన్నె పెడితే ఒళ్లు కాలుతుంది. తగ్గాక కూడా ఆరు వారాలు పాపని కనిపెట్టుకోండి. మళ్లీ జ్వరం వచ్చి, కళ్లెర్రబడి, దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు మొదలైతే ఎంఐఎస్-సి (కోవిడ్ తగ్గాక పిల్లల్లో చాలా అవయవాలకి వాపు తెచ్చే జబ్బు) కావచ్చు. ఇంట్లో సిరప్పు పోస్తూ కూర్చోక, ఆరోజే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.